ఇటలీ ఎర్ర వైన్ల గుప్త రుచి పరీక్ష

ఇటలీ ఎర్ర వైన్ల గుప్త రుచి పరీక్ష అనగా ఇటలీ దేశంలో తయారైన ఎర్ర వైన్లను వాటి పేరు, ధర, ఉత్పత్తిదారు తెలియకుండా రుచి చూసి గుణదోషాలను నిర్ణయించే పద్ధతి. దీనిని ఆంగ్లంలో బ్లైండ్ టేస్టింగ్ అనీ, ఇటాలియన్ భాషలో దెగుస్తాత్సియోనె అల్లా చేకా అనీ అంటారు. ఈ పరీక్షలో పాల్గొనేవారి కళ్ళకు గంతలు కట్టరు. ముసుగు వేసేది సీసాలకు మాత్రమే. వైన్ రంగును పరిశీలించడం కూడా పరీక్షలో ఒక భాగమే. వైన్ పోటీలలో వృత్తి నిపుణులు ఈ పద్ధతిని పాటిస్తారు. ఇంటివద్ద స్నేహితులు కలసి చిన్న స్థాయిలో నిర్వహించుకోవడం కూడా అనేక దేశాలలో వాడుకలో ఉన్నది.

వైన్ పేరును కనిపెట్టడం ఈ పరీక్షలో ఆసక్తికరమైన అంశమే అయినా, దాని ముఖ్య ప్రయోజనం వేరు. సీసాపై అంటించిన చీటీ, చెల్లించిన ధర, ఇతరుల అభిప్రాయం అనే మూడు ప్రభావాల నుండి నాలుకను విడదీసి, త్రాగేవాని స్వంత తీర్పు ఏమిటో తెలుసుకోవడమే ఆ ప్రయోజనం. ఇటలీ వైన్ల విషయంలో ఇది మరీ అవసరమైనది. ఆ దేశంలో చట్టం ఇచ్చిన హోదాకు, సీసాలోని నాణ్యతకు పొంతన కుదరని సందర్భాలు చరిత్రలో ఉన్నాయి.

పేరు దాచవలసిన అవసరం

రుచి నాలుకపై మాత్రమే ఏర్పడేది కాదని పలు పరిశోధనలు తెలిపాయి. ఫ్రాన్సు దేశపు బోర్డోలో జరిగి 2001లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, వైన్ శాస్త్రం అభ్యసిస్తున్న 54 మంది విద్యార్థులకు ఒక తెల్ల వైన్‌ను వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వారు దానిని సాధారణంగా ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే వర్ణించారు. ముక్కు చెప్పవలసినదాన్ని కన్ను ముందుగానే నిర్ణయించిందన్నమాట.

ధర ప్రభావం గురించి అమెరికాలో జరిగిన మరొక ప్రయోగం 2008లో ప్రచురితమైనది. అందులో 20 మందికి ఒకే వైన్‌ను రెండు వేర్వేరు ధరలు చెప్పి అందించారు. ఎక్కువ ధర చెప్పినపుడు వారు వైన్ ఎక్కువ బాగుందని చెప్పారు. అంతేకాక, ఆనందానుభూతితో సంబంధమున్న మెదడు భాగంలో కూడా చురుకుదనం పెరిగినట్లు స్కానింగులో కనిపించింది. దీనిని బట్టి వారు మర్యాదకోసం అలా చెప్పలేదనీ, వారి అనుభవమే మారిందనీ భావించవచ్చు. అదే సంవత్సరం వెలువడిన ఇంకొక అధ్యయనంలో ఆరు వేలకు పైగా గుప్త తీర్పులను పరిశీలించారు. ధర తెలియనపుడు, ప్రత్యేక శిక్షణ లేనివారు ఖరీదైన వైన్లను చౌక వైన్లకంటే కొద్దిగా తక్కువగానే ఇష్టపడ్డారని అందులో తేలింది.

చరిత్ర

1976 మే 24న పారిస్‌లో బ్రిటిష్ వర్తకుడు స్టీవెన్ స్పరియర్ నిర్వహించిన గుప్త పరీక్ష ఈ పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది. ఆ రోజు ఫ్రెంచి న్యాయనిర్ణేతలు తెలియకుండానే తమ దేశపు వైన్లకంటే కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు.

ఇటలీ వైన్ల చరిత్రలో ఇటువంటి ఘట్టం 1978లో లండన్‌లో సంభవించింది. డికాంటర్ పత్రిక నిర్వహించిన కబెర్నే వైన్ల గుప్త పరీక్షలో, 1972 పంటకు చెందిన సాస్సికాయా అనే వైన్ మొదటి స్థానం పొందింది. దీనిని టస్కనీ సముద్రతీరాన గల బోల్గెరీ ప్రాంతంలో మారియో ఇంచీజా దెల్లా రొక్కెత్తా ప్రారంభించాడు. ఆయన 1940లలో అక్కడ ఫ్రాన్సుకు చెందిన కబెర్నే ద్రాక్షను నాటాడు. చాలాకాలం ఈ వైన్ కుటుంబ అవసరాలకే పరిమితమైంది. 1968 పంటతో విపణిలోకి వచ్చింది.

ఇటలీ నిబంధనల ప్రకారం ఆ ప్రాంతంలో కబెర్నే ఎర్ర వైన్‌కు ఎటువంటి హోదా లేనందున, సాస్సికాయా సీసాపై అన్నింటికంటే క్రింది తరగతియైన వీనో ద తావొలా, అనగా బల్లపై వాడే సాధారణ వైన్, అన్న మాట ఉండేది. చీటీ చూసి తీర్పు చెప్పి ఉంటే దానికి మొదటి స్థానం దక్కేదా అన్నది సందేహమే. బోల్గెరీ సాస్సికాయాకు చట్టబద్ధమైన హోదా 1994లో లభించింది.

ఇదే కాలంలో ఆంతినోరీ కుటుంబం 1971 పంటతో ప్రారంభించిన తిన్యానెల్లో కూడా సాధారణ వైన్‌గానే అమ్ముడయ్యింది. 1967 నాటి కియాంతీ నిబంధనల ప్రకారం ఎర్ర ద్రాక్షతో పాటు కనీసం 10 శాతం తెల్ల ద్రాక్ష కలపవలసి ఉండేది. నాణ్యత కోసం ఆ నియమాన్ని వదలినవారు హోదాను కూడా వదులుకోవలసి వచ్చింది. ఇటువంటి వైన్లకు సూపర్ టస్కన్ అనే పేరు స్థిరపడింది.

వర్గీకరణ

ఇటలీలో మూల ప్రాంతాన్ని బట్టి వైన్లకు హోదా ఇచ్చే చట్టం 1963లో వచ్చింది. దీని ప్రకారం డి.ఓ.సి., అంతకంటే పైదైన డి.ఓ.సి.జి. అనే తరగతులు ఏర్పడ్డాయి. ఎర్ర వైన్లలో బరోలో, బ్రునెల్లో ది మొంతాల్చీనో వంటివి 1980లో డి.ఓ.సి.జి. హోదా పొందాయి. 1992 చట్టం ద్వారా ఐ.జి.టి. అనే మధ్య తరగతిని ప్రవేశపెట్టారు. సూపర్ టస్కన్ వైన్లలో చాలా వరకు ఈ తరగతిలో చేరాయి. ఈ హోదాలు వైన్ ఎక్కడ, ఏ ద్రాక్షతో, ఏ పద్ధతిలో తయారైనదో చెప్పగలవు. ఒక నిర్దిష్టమైన సీసా త్రాగేవారికి నచ్చుతుందని మాత్రం చెప్పలేవు.

పరీక్షలో ఎదురయ్యే ముఖ్యమైన ద్రాక్ష రకాలు

ఇటలీలో వందల సంఖ్యలో స్థానిక ద్రాక్ష రకాలు ఉన్నాయి. రుచి పరీక్షలో తరచుగా ఎదురయ్యేవి ఇవి:

* నెబ్బియోలో: పీడ్‌మాంట్ ప్రాంతపు ద్రాక్ష. బరోలో, బార్బరెస్కో వైన్లు పూర్తిగా దీనితోనే తయారవుతాయి. బరోలోను కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలి. అందులో 18 నెలలు కొయ్య పీపాలలో ఉండాలి. రంగు పలుచన, వగరు మాత్రం తీవ్రం. రంగు చూసి తేలికపాటి వైన్ అనుకొన్నవారు మొదటి గుక్కతోనే పొరబాటు గ్రహిస్తారు. గులాబీ, తారు వాసనలు దీని లక్షణాలుగా చెబుతారు.
* సాంజోవేసె: టస్కనీలో ప్రధానమైనది. కియాంతీ క్లాస్సికోలో కనీసం 80 శాతం, బ్రునెల్లోలో 100 శాతం ఉంటుంది. పులుపు ఎక్కువ. పుల్లని చెర్రీ, ఎండుటాకుల వాసనలు ఉంటాయి.
* బార్బేరా: ఇదీ పీడ్‌మాంట్ రకమే. ముదురు రంగు, అధికమైన పులుపు, తక్కువ వగరు. నెబ్బియోలోతో పక్కపక్కన ఉంచితే పులుపుకు, వగరుకు గల భేదం సులభంగా అర్థమవుతుంది.
* మొంతెపుల్చానో: అబ్రుజ్జోలో విరివిగా పండే ముదురు రంగు ద్రాక్ష. టస్కనీలోని మొంతెపుల్చానో పట్టణం పేరుతో అమ్మే వీనో నోబిలె ది మొంతెపుల్చానో వైన్‌లో ప్రధానంగా ఉండేది సాంజోవేసె. పేరొకటే అయినా ఈ రెండు వైన్లు వేరు.
* కొర్వీనా: వెనెటో ప్రాంతపు అమరోనె వైన్‌లో ముఖ్యమైనది. ద్రాక్షను కోసిన తరువాత కొన్ని నెలలు ఆరబెట్టి పులియబెడతారు. అందువలన ఆల్కహాలు 14 శాతం లేక అంతకు మించి ఉంటుంది. ఎండు ఫలాల వాసన వస్తుంది.
* అల్యానికో: దక్షిణ ఇటలీలోని కంపానియా, బసిలికాటా ప్రాంతాలది. తౌరాసి వైన్ దీనితో తయారవుతుంది. పులుపు, వగరు రెండూ అధికం.
* నెరెల్లో మస్కలేసె: సిసిలీలోని ఎత్నా అగ్నిపర్వతపు వాలులలో పండుతుంది. పలుచని రంగు, వగరు కలిగి ఉండడం వలన గుప్త పరీక్షలలో దీనిని నెబ్బియోలోగా పొరబడుతుంటారు.
* ప్రిమితీవో: పులియా ప్రాంతపు రకం. కాలిఫోర్నియాలో జిన్‌ఫాండెల్ అని పిలిచేది ఇదే ద్రాక్ష అని జన్యు పరీక్షలలో తేలింది. తీపి తలపించే పండు రుచి, అధిక ఆల్కహాలు దీని గుర్తులు.

పరీక్ష రకాలు

పాల్గొనేవారికి ఎంత సమాచారం ఇస్తారనే దానిని బట్టి పరీక్షలు రెండు విధాలు. వైన్ల జాబితా ముందుగా తెలిసి, ఏ గ్లాసులో ఏది ఉన్నదో మాత్రమే తెలియకపోతే అది అర్ధగుప్త పరీక్ష. ఏమీ తెలియకపోతే అది పూర్ణగుప్త పరీక్ష. క్రొత్తవారికి మొదటిది అనువైనది.

వైన్ల ఎంపికను బట్టి కూడా భేదాలు ఉన్నాయి. ఒకే సంవత్సరానికి చెందిన వేర్వేరు ఉత్పత్తిదారుల వైన్లను పోల్చితే దానిని సమాంతర పరీక్ష అంటారు. ఒకే ఉత్పత్తిదారుని వేర్వేరు సంవత్సరాల వైన్లను పోల్చితే నిలువు పరీక్ష అంటారు.

ఇంటివద్ద నిర్వహించే విధానం

వైన్ల ఎంపిక

ఒక సాయంత్రానికి ఆరు వైన్లు చాలును. అంతకు మించితే వగరు పేరుకొని నాలుక మొద్దుబారుతుంది. ఒక సీసాలో 750 మిల్లీలీటర్ల వైన్ ఉంటుంది. ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్ల చొప్పున పోస్తే 15 మందికి వస్తుంది. పదిమంది ఉన్న గోష్ఠిలో మరల ఒకసారి రుచి చూడడానికి కొంత మిగులుతుంది.

ఎంపికకు ఒక ప్రశ్న ఆధారంగా ఉండాలి. ఉదాహరణకు, మూడు కియాంతీ క్లాస్సికో వైన్లను, మూడు బ్రునెల్లో వైన్లను ఎంచుకొంటే, ఎక్కువ ధర గల రెండవ జట్టును నాలుక గుర్తించగలదా అన్నది పరీక్షించవచ్చు. అతిథులు తలా ఒక సీసా తెచ్చే పద్ధతిలో, ధరకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టడం మర్యాద. తాను తెచ్చిన సీసాను మరీ ముఖ్యమైనదిగా భావించి దానికోసం వెదకడం అతిథులలో సహజమైన బలహీనత. అందుకే అన్ని సీసాలను ఆతిథేయి ఒక్కడే సమకూర్చి ఖర్చును పంచుకోవడం మేలు.

సీసాలను దాచడం

సీసాకు కాగితపు సంచి తొడిగి మెడవద్ద దారంతో కట్టడం సులభమైన పద్ధతి. అయితే సీసా ఆకారం కూడా రహస్యాన్ని బయటపెడుతుంది. పీడ్‌మాంట్‌లో భుజాలు జారిన సీసాలు, టస్కనీలో భుజాలు ఎత్తుగా ఉన్న సీసాలు ఎక్కువగా వాడతారు. బిరడాపైన, మూతిపై ఉండే రేకుపైన పేర్లు అచ్చువేసి ఉంటాయి. కనుక రేకును పూర్తిగా తొలగించి, బిరడాలను చాటున ఉంచాలి. వైన్‌ను ఒకే రకమైన ఖాళీ సీసాలలోనికి మార్చి పోయడం అన్నింటికంటే భద్రమైనది. దీని వలన పాత వైన్లలో అడుగున చేరిన మడ్డి కూడా వేరవుతుంది.

ఒక వ్యక్తి సీసాలకు సంచులు తొడిగి, వేరొక వ్యక్తి వాటి వరుస మార్చి అంకెలు వేస్తే, ఆతిథేయి కూడా ఇతరులతో సమానంగా పరీక్షలో పాల్గొనవచ్చు. పోసేవానికి సమాధానం తెలిస్తే అతని ముఖకవళికలే కొన్నిసార్లు సమాధానం చెబుతాయి.

గ్లాసులు, వాతావరణం

అందరికీ ఒకే ఆకారపు గ్లాసులు ఉండాలి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1977లో రుచి పరీక్ష గ్లాసుకు ఒక ప్రమాణాన్ని నిర్ణయించింది. అది అడుగున వెడల్పై మూతివద్ద సన్నగా ఉండి వాసనను నిలుపుతుంది. ఎనిమిది మందికి ఆరు వైన్లు అంటే 48 గ్లాసులు అవసరం. అన్ని లేనపుడు మూడేసి వైన్ల చొప్పున రెండు విడతలుగా జరిపితే 24 చాలును.

వైన్ ఉష్ణోగ్రత 16 నుండి 18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండడం మంచిది. అంతకంటే వెచ్చనైతే ఆల్కహాలు ఘాటు పైకి తేలుతుంది. మరీ చల్లనైతే వాసన అణగి, వగరు ఎక్కువవుతుంది. వేడి ప్రదేశాలలో సీసాలను పోయడానికి ముందు అరగంట సేపు ఫ్రిజ్‌లో ఉంచవలసి ఉంటుంది. గదిలో అగరుబత్తి, అత్తరు, తాలింపు వాసనలు ఉండరాదు. నోరు కడుగుకొనేందుకు నీరు, ఉప్పు తక్కువగల రొట్టె ఉంచాలి. జున్ను వగరును తగ్గించి తీర్పును మారుస్తుంది కనుక దానిని పరీక్ష ముగిసిన తరువాతే వడ్డించాలి.

పరిశీలన, నమోదు

గ్లాసును తెల్ల కాగితంపై కొద్దిగా వంచి అంచు రంగును చూస్తారు. అంచున ఊదా రంగు ఉంటే వైన్ లేతదనీ, ఇటుక రంగు ఉంటే వయసు మీరినదనీ స్థూలంగా అనుకోవచ్చు. తరువాత గ్లాసును గుండ్రంగా త్రిప్పి వాసన చూస్తారు. ఆ పిదప కొద్దిగా నోటిలోనికి తీసుకొని పులుపు, వగరు, ఆల్కహాలు వేడి, రుచి నిలిచే కాలం గమనించి, ఉమ్మివేసి, కాగితంపై వ్రాసుకొంటారు.

అందరూ వ్రాయడం ముగించేవరకు ఎవ్వరూ మాట్లాడరాదన్నది ఈ పరీక్షలో కచ్చితంగా పాటించవలసిన నియమం. గోష్ఠిలో అనుభవజ్ఞుడని పేరున్న వ్యక్తి ఒక్క మాట అంటే, మిగిలినవారు తమ కాగితాలలో దానినే వెదుక్కొంటారు. చీటీని దాచి పెద్దమనిషి అభిప్రాయాన్ని దాచకపోతే ముసుగు సగమే వేసినట్లు. వ్రాత ముగిసిన తరువాత, అనుభవం తక్కువగలవారు ముందు మాట్లాడడం మంచి సంప్రదాయం.

మార్కులు కలిపి, ఇష్టానుసారంగా వైన్ల వరుస నిర్ణయించిన తరువాతనే ముసుగులు తీస్తారు. ముసుగు తీసిన పిదప కాగితంపై దిద్దుబాట్లు చేయరాదు.

రుచిని తెలిపే పదాలు

వైన్ వర్ణనలో వాడే బ్లాక్‌బెర్రీ, వయొలెట్ పూవు వంటి పోలికలు తెలుగువారిలో చాలామందికి పరిచయం లేనివి. అయితే ఎర్ర వైన్‌కు ముఖ్యమైన ఒక లక్షణానికి తెలుగులో నిత్యవ్యవహార పదం ఉన్నది. టానిన్ వలన కలిగే అనుభూతి వగరు. పచ్చి జామకాయ, నేరేడు పండు, వక్క నమిలినపుడు కలిగేది ఇదే. టానిన్లు లాలాజలంలోని ప్రోటీనులను పట్టుకోవడం వలన నోటిలో జారుడు గుణం తగ్గి, బిగిసినట్లు అనిపిస్తుంది. శరీర శాస్త్రం దీనిని ప్రధానంగా స్పర్శగా భావించగా, భారతీయ సంప్రదాయం దీనిని షడ్రుచులలో ఒకటిగా లెక్కించింది. ఉగాది పచ్చడిలో పులుపును, వగరును విడివిడిగా గుర్తించగలిగినవారు బార్బేరాను నెబ్బియోలో నుండి వేరు చేయడానికి కావలసిన ప్రాథమిక సామర్థ్యం కలిగి ఉన్నట్లే. వ్రాసుకొనే కాగితంలో తమకు తెలిసిన చింతపండు, నేరేడు, ఖర్జూరం వంటి పోలికలనే వాడడం వలన నమోదు నిజాయితీగా ఉంటుంది.

ఫలితాలలో అదృష్టం పాత్ర

ఆరు వైన్లకు ఆరు పేర్లను జతపరచడానికి 720 విధాలు ఉన్నాయి. రుచి చూడకుండా కేవలం ఊహతో జతపరచినా సగటున ఒకటి సరిపోతుంది. కనీసం ఒకటి సరిపోయే అవకాశం సుమారు 63 శాతం. మూడు లేక అంతకు మించి సరిపోయే అవకాశం మాత్రం సుమారు 8 శాతమే. కాబట్టి ఒకటి రెండు పేర్లు సరిగా చెప్పినవారిని నిపుణులుగాను, ఒకటీ చెప్పలేనివారిని అసమర్థులుగాను భావించరాదు.

రెండు వైన్ల మధ్య నిజంగా తేడా తెలుస్తున్నదా అని చూడడానికి త్రికోణ పరీక్ష వాడతారు. మూడు గ్లాసులలో రెండింటిలో ఒకే వైన్ పోసి, భిన్నమైన దానిని గుర్తించమంటారు. ఊహతో చెప్పినా మూడింట ఒక వంతు మంది గెలుస్తారు. పదిమందిలో కనీసం ఏడుగురు గుర్తించినపుడే తేడా ఉన్నదని కొంత నమ్మకంతో చెప్పవచ్చు.

ఒకే వైన్‌ను చెప్పకుండా రెండు అంకెలతో పోయడం కూడా ఉపయోగకరం. రెండు గ్లాసులకు వేర్వేరు మార్కులు వేసినవారికి తమ తీర్పు ఎంతవరకు నిలకడగలదో తెలుస్తుంది. కాలిఫోర్నియా రాష్ట్ర వైన్ పోటీలో ఇదే విధంగా ఒకే వైన్‌ను పలుమార్లు అందించి చూడగా, న్యాయనిర్ణేతలలో సుమారు పది శాతం మంది మాత్రమే నిలకడగా తీర్పు ఇచ్చారని రాబర్ట్ హాడ్జ్‌సన్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో తెలిపాడు.

పరిమితులు

గుప్త పరీక్షకు కూడా లోపాలు ఉన్నాయి. వరుసగా చూసినపుడు రంగు, ఆల్కహాలు, తీపి ఎక్కువగల వైన్లు ముందుకు వచ్చి, నెమ్మదిగా విచ్చుకొనే వైన్లు వెనుకబడతాయి. ఇటలీ ఎర్ర వైన్లలో చాలావాటి పులుపు, వగరు భోజనంతో కలసినపుడే సమతూకంగా తోస్తాయి. లేత బరోలో ఒక గుక్కలో నచ్చకపోవచ్చు. అది మాంసాహారంతోను, పదేళ్ళ తరువాతను వేరుగా ఉంటుంది. బిరడాలోని ట్రైక్లోరోఅనిసోల్ అనే రసాయనం వలన పాడైన సీసా తడి అట్టముక్క వాసన వేస్తుంది. అటువంటి సీసాను బట్టి ఆ వైన్‌పై తీర్పు ఇవ్వడం అన్యాయం.

నాలుక ఋజువు కాజాలదన్న విషయం 2008లో బ్రునెల్లో వివాదంలో స్పష్టమైంది. సాంజోవేసె మాత్రమే ఉండవలసిన బ్రునెల్లోలో కొందరు ఉత్పత్తిదారులు ఇతర ద్రాక్షలు కలిపారన్న ఆరోపణలపై సియెనాలో న్యాయ విచారణ జరిగింది. కొన్ని వైన్ల ముదురు రంగు రుచి చూసేవారిలో సందేహం కలిగించగలదు. కానీ కల్తీని నిర్ధారించడానికి రంగు పదార్థాల ప్రయోగశాల విశ్లేషణ, పత్రాల పరిశీలన అవసరం. ఆ సంవత్సరం అక్టోబరులో మొంతాల్చీనో ఉత్పత్తిదారులు నూరు శాతం సాంజోవేసె నియమాన్నే కొనసాగించాలని తీర్మానించారు. ఇక్కడ చీటీకి కూడా ఒక విలువ ఉన్నదని గమనించాలి. చీటీపై వ్రాసిన హామీని నాలుక సరిచూడలేదు.

జాగ్రత్తలు

ఆరు వైన్లను 50 మిల్లీలీటర్ల చొప్పున పూర్తిగా త్రాగితే 300 మిల్లీలీటర్లు అవుతుంది. 13.5 శాతం ఆల్కహాలు ఉన్నదనుకొంటే అందులో సుమారు 32 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. ఇది తీర్పును చెడగొట్టడానికి చాలినంత. అందుకే ప్రతి ఇద్దరికీ ఒక ఉమ్మిగిన్నె ఏర్పాటు చేస్తారు. ఉమ్మివేయడం ఈ గోష్ఠులలో అమర్యాద కాదు. వాహనం నడిపేవారికి రక్తంలో ఆల్కహాలు పరిమితి ఇటలీలో లీటరుకు 0.5 గ్రాము, భారతదేశంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు, అనగా లీటరుకు 0.3 గ్రాము. ఉమ్మివేసినా కొంత ఆల్కహాలు శరీరంలో చేరుతుంది కాబట్టి, పరీక్షలో పాల్గొన్నవారు ఆ రాత్రి వాహనం నడపకపోవడం క్షేమకరం.